పట్టాలు తప్పించే యంత్రం

మా వీధి చివర నగల పని చేసే ఒకతను ఉన్నాడు. పోయిన చలికాలం ఒక ఉదయం అతని త్రాసు మీద ఒక సైకిలు సామాను పెట్టించాను. రెండు వందల గ్రాములు దాటి ఇంకో ఆరేడు గ్రాములు చూపించింది. “ఇరవై తులాల పైమాటే! బంగారమైతే మీరిలా చేతిసంచిలో వేసుకుని నడిచి వచ్చేవారా?” అని నవ్వాడతను. తూకం కావాలన్నది పూణెలో ఉండే ఒకాయన. కొనేవాడు ఆయనే. బరువెంత, ఒంటి మీద అచ్చయిన అంకెలేమిటి, నాలుగు పక్కల నుంచీ ఎలా కనిపిస్తుంది, ఇవన్నీ పంపితే తప్ప ధర మాట ఎత్తనన్నాడు. మా అమ్మాయి పెళ్ళి సంబంధాలప్పుడు కూడా మేము ఇన్ని ఫోటోలు పంపలేదు.

అసలా వస్తువు ఏమిటో చెప్పాలి. గేర్ల సైకిలుకు వెనక ఇరుసు కింద వేలాడుతూ, చైనును ఒక పళ్ళచక్రం మీది నుంచి పక్కదాని మీదికి నెట్టే పరికరం. ఇటలీలోని విచెంజాలో కాంపన్యోలో కంపెనీ తయారుచేసింది. రకం పేరు నువోవో రికార్డ్. 1967లో మొదలై పదిహేనేళ్ళకు పైగా పందెం సైకిళ్ళ మీద దానిదే రాజ్యం. బెల్జియం దేశపు ఎడీ మెర్క్స్ 1969కీ 1974కీ మధ్య ఐదుసార్లు టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన రోజుల్లో ఆయన సైకిలుకు ఉన్నదీ ఇదే. నా దగ్గరున్న దాని మీద పేటెంట్ అన్న మాట పక్కన 73 అని ఉంది. అదేదో సామాను నంబరు అనుకుంటూ నలభై ఏళ్ళు గడిపేశాను. తయారైన సంవత్సరమని పూణె ఆయన చెబితే తెలిసింది.

నా చిన్నతనంలో దానికి ఇంత చరిత్ర లేదు. అది ‘సారు సైకిలు గేరు’, అంతే.

మా బాపుకు కాజీపేట ఫాతిమానగర్‌లో సైకిల్ టాక్సీ ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ మాట విచిత్రంగా ఉంటుంది. గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికి ఇచ్చే దుకాణాన్ని అలా అనేవాళ్ళం. పదహారు సైకిళ్ళు, వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ఒకటి నుంచి పదహారు దాకా అంకెలు, గంటకు పావలా, దారానికి పెన్సిలు కట్టిన ఒక నోటుపుస్తకం. ఏడో నంబరు సైకిలుకు బ్రేకులు సరిగా పడేవి కావు. అందుకని దాన్ని బాగా తొక్కడం వచ్చినవాళ్ళకే ఇచ్చేవాడు, అదేదో గౌరవం చేస్తున్నట్టు. కిరాయికి వచ్చేవాళ్ళలో సగం మంది రైల్వేవాళ్ళు, మిగతా సగం రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన కాలేజీ అది. 2002 నుంచి ఎన్ఐటీ అంటున్నారు గానీ నా నోటికి ఇప్పటికీ ఆర్ఈసీ అనే వస్తుంది.

1976 వానాకాలంలో ఒక సాయంత్రం ఆ కాలేజీలో పాఠాలు చెప్పే సారు ఒకాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఇంగ్లండులో చదువుకుని వస్తూ ఓడలో తెచ్చుకున్న సైకిలట. మడ్‌గార్డులు లేవు, క్యారియర్ లేదు, స్టాండు లేదు, గంట లేదు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. నేనప్పుడు నాలుగో తరగతి. పాపం ఎవరో సామానంతా ఊడబెరుక్కుపోయారనుకున్నాను.

“పంక్చరు” అన్నాడు సారు.

బాపు వేరే చక్రానికి బెండు తీస్తున్నాడు. టైరు ఊడదీయమని నాకు చెప్పాడు. నేను టైరు లివర్లు పట్టుకుని చుట్టూ తిరిగాను. లివరు దూర్చడానికి సందే లేదు. టైరు రిమ్ముకు అతికించి ఉంది. బాపు వచ్చి గోరుతో గీరి, అంచు పట్టి మెల్లగా లాగాడు. పాము కుబుసంలా మొత్తం ఊడివచ్చింది. తిప్పి చూస్తే లోపలి వైపు ఒక నాడా అతికించి ఉంది. నాడా కింద పొడుగునా కుట్లు. ట్యూబును లోపల పెట్టి టైరును చుట్టూ కుట్టేశారు!

“టైరు కాదిది, బొంత” అన్నాడు బాపు.

పందెం సైకిళ్ళకు అప్పట్లో అవే టైర్లు, తేలికగా ఉంటాయని. పంక్చరు పడితే నాడా పీకి, ఆ చోటు వెతికి, కుట్లు విప్పి, ట్యూబుకు ప్యాచీ వేసి, మళ్ళీ కుట్టి, మళ్ళీ నాడా వేసి, మళ్ళీ రిమ్ముకు అతికించాలి. బాపు నన్ను పంపించి బ్రిడ్జి దగ్గర చెప్పులు కుట్టే తాతను పిలిపించాడు. ఆయన ఆరె, మైనం రాసిన దారం పట్టుకొచ్చి కూర్చున్నాడు. నాలుగు వేళ్ళ మేర కుట్లు విప్పితే ట్యూబు బయటికొచ్చింది. బుడగలాగా అంత పల్చన. మా దగ్గరున్న ప్యాచీ దానికన్నా మందం. అలాగే వేస్తే టైరులో గడ్డ కట్టినట్టుంటుందని, బాపు ఒక పాత ట్యూబు ముక్కను గరుకుకాగితం మీద అరగంట సేపు రాసి రాసి పల్చన చేశాడు. చీకటి పడింది. పెట్రోమాక్స్ కింద తాత కుడుతుంటే సారు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

డబ్బులెంత అంటే, మామూలు పంక్చరుకు ఎంతో అంతే చెప్పాడు బాపు. సారు ఐదు రూపాయల నోటు ఇస్తే తాతకు రెండు రూపాయలు ఇప్పించి, పంక్చరు డబ్బులు పట్టుకుని, మిగతా చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. రెండు గంటల పని. అమ్మ ఆ రాత్రి ఎంత తిట్టిందో! “పంక్చరు పంక్చరే కదా” అన్నది బాపు జవాబు. దుకాణం ఎందుకు పెద్దది కాలేదో అర్థం కావడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ తరవాత ఆదివారం వచ్చిందంటే సారు మా దుకాణం ముందు ఆగేవాడు. పొద్దున్నే పాకాల చెరువు దాకానో, రామప్ప దాకానో తొక్కి ఎండ ముదిరేలోపు వచ్చేసేవాడు. రామప్ప అంటే ఇక్కడికి డెబ్బై కిలోమీటర్లు. బస్సులో పోయి వస్తేనే మాకు ఒళ్ళు నొప్పులు. వచ్చి బల్ల మీద కూర్చుని చాయి తాగుతూ సైకిలు గురించి చెబుతుంటే బాపు పని ఆపకుండానే వినేవాడు. సైకిలు గొట్టం మీద రెనాల్డ్స్ 531 అని చిన్న కాగితం అతికించి ఉండేది. బర్మింగ్‌హామ్‌లో చేసే ఉక్కు గొట్టాలు అవి. అతుకులు పడే రెండు కొసల దగ్గర మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయట. బాపు గోరుతో గొట్టం మధ్యలో ఒకసారి, చివర ఒకసారి కొట్టి చూశాడు. మధ్యలో కంచుగ్లాసు మోగినట్టు మోగింది. తరవాత మా మూడో నంబరు హెర్క్యులెస్ గొట్టం మీద కొట్టి, ఆ దబ్‌మన్న చప్పుడుకు తనే నవ్వాడు. ఆ రోజు నుంచి దుకాణానికి ఎవరొచ్చినా ఈ రెండు చప్పుళ్ళూ వినిపించి గానీ పంపేవాడు కాదు.

‘డిరైలర్’ అన్న మాట మా దుకాణంలో మొదటిసారి పలికిన రోజు నాకు బాగా గుర్తు. డ్యూటీ దిగిన ఒక గార్డు, ఇద్దరు ఫైర్‌మన్లు, రైలును ఒక పట్టా మీది నుంచి ఇంకోదాని మీదికి మళ్ళించే పాయింట్స్‌మన్ ఒకాయన బల్ల మీద ఉన్నారు. వెనక వేలాడే ఆ యంత్రం పేరేమిటని ఎవరో అడిగితే సారు చెప్పాడు. బల్ల మీద మాటలు ఆగిపోయాయి. కాజీపేట జంక్షనులో, సాయంత్రం పూట, నలుగురు రైల్వేవాళ్ళ ముందు ‘డిరైల్’ అనే మాట అనకూడదు. గార్డు చాయిగ్లాసు కింద పెట్టి, “పట్టాలు తప్పించడానికి కూడా యంత్రం చేశారా సారూ?” అన్నాడు. సారు సైకిలును తలకిందులుగా పెట్టించి, పెడలు చేత్తో తిప్పుతూ మీట లాగి చూపించాడు. రెండు చిన్న పళ్ళచక్రాలు, పైన ఒకటి, కింద ఒకటి. పైది చైనును పక్కకు నెడుతుంది. కిందిది వెనక్కి ముందుకీ ఊగుతూ చైను వదులైతే లాగి పట్టుకుంటుంది, బిగుసుకుంటే సడలిస్తుంది. వాటిని మోసే చట్రం నాలుగు కీలుల మీద వాలే చిన్న మంచం లాంటిది. అది ఎంత వాలినా చక్రాలు మాత్రం నిటారుగానే ఉంటాయి. పాయింట్స్‌మన్ కళ్ళు చిన్నవి చేసి చూసి, “ఇది పట్టాలు తప్పించడం కాదు, పాయింట్లు మార్చడం. పేరు పెట్టినవాడికి రైల్వే పని తెలియదు” అని తేల్చాడు. ఆ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ ఆయనదే.

ఆ కంపెనీ పెట్టిన తుల్లియో కాంపన్యోలో కథ కూడా సారే చెప్పాడు. 1927లో ఒక కొండ మీద పందెం. మంచు పడుతోంది. చక్రం విప్పాలంటే చెవులున్న నట్లు తిప్పాలి. వేళ్ళు కొయ్యబారి తిప్పలేకపోయాడు, పందెం పోయింది. ఆ కసితో పానా అక్కర్లేకుండా ఒక్క మీట తిప్పితే చక్రం ఊడివచ్చే ఏర్పాటు కనిపెట్టి 1930లో పేటెంటు తీసుకున్నాడు, 1933లో కంపెనీ పెట్టాడు. బాపు అంతా విని, “ఆయనకు చలికి బిగుసుకుంది. నాకు ఎండకు పానా కాలుతుంది. నేను పందేనికి పోలేదు, అదీ తేడా” అన్నాడు.

ఇక నేను చేసిన నిర్వాకం.

ఒక గురువారం సారు సైకిలు ఇచ్చి వెళ్ళాడు, వెనక చక్రం పుల్లలు రెండు వదులయ్యాయని. బాపు మధ్యాహ్నం పనైపోగానే గోడకు ఆనించి అన్నానికి పోయాడు. నేను తీశాను. అడ్డగొట్టం కింద నుంచి కాలు దూర్చి తొక్కడం మాకు మామూలే, ఏడో నంబరు మీద అలాగే నేర్చుకున్నాను. కానీ దీని పెడళ్ళకు ఇనుప చట్రాలు, పట్టీలు. ఎలాగో కదిలించాను. కదలడమంటే కదలడమా! కిరాయి సైకిలును మూడుసార్లు తొక్కితే వచ్చే వేగం దీనికి ఒక్క తొక్కుడుకు వచ్చింది. గాలికి చొక్కా ఉబ్బింది. ఆ ఊపులో, ఆ మీట కూడా లాగితే ఏమవుతుందో చూద్దామనిపించింది. తొక్కడం ఆపి లాగాను. సారు ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో, తొక్కుతూనే మార్చాలి, ఆగి మార్చకూడదని. మళ్ళీ కాలు వేయగానే చైను గరగరమని ఎక్కడో ఇరుక్కుంది, వెనక చక్రం పట్టేసింది, కంకర మీద కుడివైపుకు పడ్డాను. ఎడమవైపు పడినా మోకాలు ఒక్కటే పోయేది. సైకిలు సామానంతా కుడివైపే ఉంటుంది.

కిందనున్న చిన్న చక్రానికి రెండు పళ్ళు లేవు. నల్లటి ప్లాస్టిక్‌లాంటి చక్రం. పది పళ్ళలో ఎనిమిది మిగిలాయి. ఊడిన రెండూ కంకరలో వెతికి జేబులో వేసుకున్నాను, అతికించవచ్చన్న ఆశతో.

బాపు కొట్టలేదు. సైకిలు లేపి ఎడమవైపుకు ఆనించి, చక్రాన్ని వేలితో తిప్పి చూసి, చాలా సేపు ఏమీ అనలేదు. కొట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. “ఆదివారం ఎప్పుడు?” అని మాత్రం అడిగాడు. ఆదివారం ఎప్పుడో తెలియక కాదు.

హైదరాబాదు పోయినా దొరికే వస్తువు కాదది. బాపు స్నేహితుడు ఒకాయన ఆజంజాహి మిల్లులో టర్నర్. 1934లో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లు అది, అప్పుడు వరంగల్‌లో సగం ఇళ్ళు ఆ సైరనుకే నిద్రలేచేవి. శనివారం రాత్రి ఆయన హన్మకొండలో తనకు తెలిసిన లేతు మిషను దుకాణానికి మమ్మల్ని రమ్మన్నాడు. పాత ఇనుప సామాన్లవాడి దగ్గర కొన్న ఒక విరిగిన పళ్ళచక్రం ముక్క తెచ్చాడు. హైలం అంటారు దాన్ని. నూలుగుడ్డను పొరలు పొరలుగా రెసిన్‌లో తడిపి, వేడి చేసి నొక్కితే గట్టిపడిన గోధుమరంగు పలక. హైదరాబాదులోనే తయారయ్యేది. ఇనుప చక్రాలు పెట్టే చోట దాన్ని పెడితే యంత్రం చప్పుడు చేయదని మిల్లుల్లో వాడేవాళ్ళు. దగ్గరగా చూస్తే అందులో గుడ్డ నేత, పడుగు పేక, స్పష్టంగా కనిపిస్తాయి.

లేతు మీద గుండ్రంగా చెక్కి బెజ్జం వేయడం పది నిమిషాల పని. పళ్ళు ఎలా? వృత్తాన్ని పది భాగాలు చేయాలి, ఒక్క వెంట్రుకవాసి తప్పినా చైను ఎగురుతుంది. ఇద్దరూ కాసేపు సుద్దముక్కతో నేల మీద లెక్కలు వేశారు. ఆఖరికి బాపు పైనున్న మంచి చక్రాన్ని విప్పి, కొత్తదాని మీద పెట్టి, రెండింటినీ కలిపి ఒక బోల్టుతో బిగించాడు. దాన్ని చూస్తూ ఆకురాయితో దీన్ని రాయడమే. మంచిదానికి ఆకురాయి తగలకూడదు, దీనికి తగలాలి. ఆరు పళ్ళు టర్నరు మామ రాశాడు. తరవాత బాపు ఆకురాయి నా చేతిలో పెట్టాడు. “విరగ్గొట్టింది రెండు కదా, రెండు నువ్వు రాయి.” నా చేయి మీద తన చేయి వేశాడు గానీ బలమంతా నాదే. ఒకటి బాగానే వచ్చింది. రెండోది కొద్దిగా వాలింది, వరసలో ఒంగి నిలబడ్డ పిల్లాడిలా. మిగిలిన రెండూ బాపు రాశాడు. మధ్యలో ఇత్తడి బుష్ దిగ్గొట్టి, తెల్లవారుజామున కాలినడకన ఫాతిమానగర్ చేరాం.

సారు రాగానే బాపు నన్ను ముందుకు తోసి “చెప్పు” అన్నాడు. చెప్పాను. జేబులోంచి ఆ రెండు నల్లపళ్ళు తీసి చూపించాను కూడా. సారు నా మోకాలి వైపు చూసి “నీకెంత తగిలింది?” అని అడిగాడు. తరవాత వంగి గోధుమరంగు చక్రాన్ని గోరుతో తిప్పాడు. ఏమీ అనకుండా ఎక్కి మడికొండ వైపు పోయాడు. బాపు ఆ అరగంటలో ఒక్క సైకిలూ కిరాయికి ఇవ్వలేదు. రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. సారు తిరిగొచ్చి ఒక్క మాట అన్నాడు: “మీ చక్రం చప్పుడు చేయడం లేదు. పాతది కిర్రుమనేది.”

ఆ తరవాత ఏడేళ్ళు అది అలాగే తిరిగింది. ఆగిపోయింది టైర్ల వల్ల. సారు తెచ్చుకున్న కుట్టు టైర్లు ఒక్కొక్కటే అయిపోయాయి. ఆఖరిదానికి చెప్పుల తాత వేసిన కుట్లు పదకొండు చోట్ల. మన ఇరవై ఎనిమిది అంగుళాల టైరు వేద్దామంటే ఆ రిమ్ముకు అంచే లేదు, టైరు ఎక్కడ కూర్చుంటుంది? వేరే చక్రాలు పెడదామంటే ఫోర్కులో బొటనవేలు దూరే సందు కూడా లేదు. 1983లో సారు వేరే ఊరికి ఉద్యోగం మారిపోతూ సైకిలును మా దుకాణంలో పెట్టి, “మీరే ఏదో ఒకటి చేయండి” అన్నాడు. అమ్మమన్నాడో, ఉంచుకోమన్నాడో బాపుకు అర్థం కాలేదు. కొన్నాళ్ళు అమ్మకానికి పెట్టాడు. ఒక పాలాయన వచ్చి చుట్టూ తిరిగి, క్యాన్లు ఎక్కడ తగిలించాలని అడిగాడు. ఇంకొకాయన, పిల్లను స్కూలుకు తీసుకుపోవాలంటే ఎక్కడ కూర్చోబెట్టాలన్నాడు. ఇద్దరూ న్యాయంగానే అడిగారు. సైకిలు దూలానికి వేలాడింది.

మోపెడ్లు, స్కూటర్లు వచ్చాక కిరాయి సైకిళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. 1994లో రోడ్డు వెడల్పులో దుకాణం పోయింది. పదహారు సైకిళ్ళూ పాత ఇనుముకు పోయాయి. సారు సైకిలు కూడా. దాన్ని కాటాలో వేసిన అతను ముల్లు చూసి, “ఇంత సైకిలు ఇంతేనా?” అని రెండోసారి తూచాడు. తేలికదనం కోసం సముద్రాలు దాటి వచ్చిన సైకిలుకు తేలికైనందుకే డబ్బులు తగ్గాయి. నేనప్పుడు రైల్వేలో గుమాస్తాను, సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను. వద్దనలేదు. ఆ సంగతి పూణె ఆయనకు చెబితే ఫోనులో చాలా సేపు మాట రాలేదు.

బాపు ఆ ఒక్క డిరైలర్ మాత్రం ముందే విప్పి ఉంచుకున్నాడు. కిరోసిన్‌తో, మా ఇంటి మాటలో గ్యాసునూనెతో, కడిగి, కుట్టుమిషను నూనె పట్టించి, పాత బనియను గుడ్డలో చుట్టి డాల్డా డబ్బాలో పెట్టాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడల్లా తీసి వేళ్ళతో నొక్కి వదిలేవాడు. నొక్కితే వాలుతుంది, వదిలితే టక్కున వెనక్కి వస్తుంది. అమ్మ అది చూసి “ఆయన జపమాల” అనేది. 2009లో బాపు పోయాక డబ్బా అటకెక్కింది.

ఎందుకు అమ్మానంటే గట్టి కారణం చెప్పలేను. డబ్బు అవసరం లేదు. అటక సర్దుతూ దొరికిన డబ్బాను తెరిచి, మా అమ్మాయి మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్‌లో ఉండగా చూపించాను. “ఇది తాత నొక్కుతూ ఉండేది కదా” అంది. పది నిమిషాల్లో దాని పుట్టుపూర్వోత్తరాలు, ధర, కొనేవాళ్ళు, అన్నీ వెతికి పంపింది. ఇంత చిన్న వస్తువును ఇంతమంది వెతుకుతున్నారని తెలిశాక అటక మీద పెట్టబుద్ధి కాలేదు. ఎంత పలుకుతుందో చూద్దామన్న యావ కూడా ఉంది, దాచడం దేనికి.

పూణె ఆయన హైదరాబాదుకు ఏదో పని మీద వచ్చి, పొద్దున్న రైలెక్కి కాజీపేటలో దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. 1973 నాటి పందెం సైకిలు ఒకటి బాగుచేస్తున్నాడట, అన్నీ దొరికాయి, ఇదొక్కటే లేదు. మా ఆవిడ ఉప్మా పెడితే గబగబా తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని, బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. భూతద్దం తీశాడు. బిగించే బోల్టు మర మీద గోరు పెట్టి చుట్టూ తిప్పాడు. ఆ మర కొలత సగం మిల్లీమీటర్లలో, సగం అంగుళాల్లో ఉంటుందట: లావు పది మిల్లీమీటర్లు, అంగుళానికి ఇరవై ఆరు చుట్లు. తెలియనివాళ్ళు వేరే బోల్టు ఎక్కించి పాడుచేస్తారన్నాడు. తరవాత చట్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కి వదిలాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్. “కీలులు అరగలేదు. ఎవరో రోజూ కదిపినట్టున్నారు” అన్నాడు హిందీలో. నా ఛాతీ కాస్త పొంగింది.

అప్పుడు కింది చక్రం దగ్గరికి వచ్చాడు. భూతద్దం ఆగింది. “ఇది అసలుది కాదు. నకిలీ” అన్నాడు. ధరలో వెయ్యి తగ్గించాలన్నాడు.

ముప్పై ఏళ్ళు టికెట్ కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి, బేరాల్లో గొంతు పెంచే అలవాటు లేదు. ఆ రోజు పెరిగింది. “వెయ్యి తగ్గిస్తే తగ్గించండి. నకిలీ అనకండి” అన్నాను. ఆయన బిత్తరపోయి తల ఎత్తాడు. హైలం గురించి చెప్పాను, టర్నరు మామ గురించి చెప్పాను, 1990 ప్రాంతంలో మూతపడిన మిల్లు గురించి చెప్పాను. నేను పడ్డ సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన మళ్ళీ వంగి చూసి, “గుడ్డ నేత కనిపిస్తోంది” అన్నాడు, ఈసారి మెల్లగా. ఇంకాసేపటికి, “ఈ ఒక్క పన్ను కాస్త వాలింది” అన్నాడు.

“అవును” అన్నాను.

ఎనిమిది వేలకు ఒప్పుకున్నది ఏడు వేలకు తెగింది. మాట వెనక్కి తీసుకున్నాడు గానీ వెయ్యి వెనక్కి ఇవ్వలేదు. వ్యాపారమంటే అంతే, బాపు అయితే అసలు ఎనిమిది అడిగేవాడే కాదు. ఆ చక్రాన్ని మాత్రం నా దగ్గర ఉంచేసుకుంటానని అడగడానికి రెండుసార్లు నోరు తెరిచాను. అది లేకపోతే ఆయన సైకిలు కదలదు కదా అని ఊరుకున్నాను. అసలుది దొరికేదాకా ఇదే వాడతానని, దొరికాక దీన్ని పోస్టులో పంపుతానని ఆయనే అన్నాడు. బనియను గుడ్డతో సహా సంచిలో వేసుకుని మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు. డాల్డా డబ్బా వద్దన్నాడు. ఆ డబ్బుతో ఏదైనా గుర్తుండిపోయేది కొన్నానని రాయాలని ఉంది గానీ, గీజరు బాగుచేయించాం.

నాలుగు నెలలు పోయాక ఒక వీడియో వచ్చింది. ఖడక్‌వాస్లా చెరువు పక్కన రోడ్డు మీద నీలంరంగు సైకిలు, కెమెరా వెనక చక్రం దగ్గర పెట్టి తీశారు. వెండిరంగు సామాన్ల మధ్యన గోధుమరంగు చుక్క ఒకటి గిర్రున తిరుగుతోంది. ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. గాలి చప్పుడు, ఫ్రీవీల్ టిక్కుటిక్కులు, దూరంగా ఎవరో నవ్వడం.

మొన్న ఇంకో సందేశం. ఇటలీ నుంచి అసలు చక్రాల జత దొరికిందట. పాతదాన్ని పంపడానికి చిరునామా అడిగాడు.

“అది చప్పుడు చేస్తోందా?” అని అడిగాను.

లేదన్నాడు.

“మరి మార్చడం దేనికి?”

నువోవో రికార్డ్‌కు అది ఉండకూడదన్నాడు. ఆ మాటా నిజమే. ఏమనాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు చిరునామా టైపు చేసి, పంపకుండా చెరిపేసి, ఇలా రాశాను: ఇత్తడి బుష్‌కు నెలకు రెండు చుక్కల నూనె చాలు, ఎక్కువ వేస్తే దుమ్ము పడుతుంది. సైకిలు పడుకోబెట్టాల్సి వస్తే ఎడమవైపుకే.

బొటనవేలి బొమ్మ ఒకటి పంపాడు. దాని అర్థం ఏమిటో మా అమ్మాయిని అడగాలి.